రబ్బరు రోలర్ మార్చే ముందు: వరిగడ్డి బేలర్‌లో నెట్ సరిగా చుట్టుకోకపోతే ఏం చూడాలి

పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలి దగ్గర నుంచి ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. ఆయన నిరుడు నాలుగడుగుల వెడల్పు గల పాత రౌండ్ బేలర్ (గడ్డిని గుండ్రటి కట్టలుగా చుట్టే యంత్రం) ఒకటి కొన్నారు. ఈ దాళ్వా (రబీ వరి) కోతల్లో ఉదయం పూట నెట్, అంటే కట్టకు చుట్టే ప్లాస్టిక్ వల, గడ్డి కట్ట మీదికి రాకుండా రబ్బరు రోలర్‌కే చుట్టుకుపోతోంది. ఎండ ఎక్కిన తర్వాత వస్తోంది గాని, కట్టకు ఎడమ అంచు నాలుగు వేళ్ల మేర ఎప్పుడూ బయటే మిగిలిపోతోంది. చుట్టడం పూర్తయ్యాక కుడి చివర కొన్ని పోగులు తెగకపోవడంతో, కట్ట నేల మీద పడ్డాక కూడా దాని వెంట నెట్ సాగి వస్తోంది. బ్రేకు బిగించి చూశారు, కొత్త నెట్ రోల్ వేసి చూశారు, ఫలితం లేదు. మెకానిక్ రబ్బరు రోలర్ మార్చాల్సిందే అంటున్నారు. మార్చాలా, వద్దా అన్నది ఆయన సందేహం.

ఇప్పుడే మార్చవద్దు. మీరు మూడు లోపాలు చెప్పారు గాని, నా అంచనాలో అవి రెండే. ఉదయం పూట వచ్చేది ఒకటి. ఎడమ అంచు బయట పడటం, కుడి పోగులు తెగకపోవడం కలిపి మరొకటి. ఈ రెండింటిలో ఏదీ రోలర్ అరిగిపోవడం వల్లే వస్తోందని చెప్పడానికి మీరు ఇచ్చిన వివరాలలో ఆధారం లేదు. (ఎడమ, కుడి అన్నప్పుడు ట్రాక్టరు వెళ్లే దిశకు ముఖం పెట్టి యంత్రం వెనుక నిలబడినట్లు అనుకుంటున్నాను. మీరు కూడా అలాగే చెప్పారో లేదో ముందు సరిచూసుకోండి. ఈ తికమక వల్ల నేనే ఒకసారి ఒక పూటంతా తప్పు వైపు స్ప్రింగు బిగించాను.)

నెట్ లోపం ఏదైనా సరే, పానా చేతిలోకి తీసుకునే ముందు, అది ఏ క్షణంలో వస్తోందో పట్టుకోవాలి. నెట్ చుట్టే పని చూడటానికి కొన్ని సెకన్లలో అయిపోతుంది గాని, అందులో నాలుగు దశలు ఉన్నాయి. మొదట ఫీడు రోలర్లు రెండూ, అంటే రబ్బరుది, దాన్ని ఒత్తుకొని తిరిగే ఇనుపది, నెట్ కొసను మధ్యలో పట్టుకొని లోపలికి తోస్తాయి. రెండవది, లోపల తిరుగుతున్న కట్ట ఆ కొసను అందుకోవడం. మూడవది, కట్టే నెట్‌ను లాక్కుంటూ, వెనుక బ్రేకు దాన్ని పట్టి ఉంచుతూ, బిగువుగా రెండు మూడు చుట్లు పడటం. నాల్గవది, బ్రేకు పట్టేసి నెట్ తీగలా సాగిన స్థితిలో కత్తి దాని మీద పడి తెంచడం. మొదటి దశలో లోపం ఉంటే కట్ట మీద నెట్ ఉండనే ఉండదు. రెండవ దశలో ఉంటే కొస లోపల చిక్కుకొని, కట్ట మీద అక్కడక్కడ ముద్దలుగా పడుతుంది. మూడవ దశ లోపం వదులుగానో, చిరుగుగానో, అంచు బయటపడటంగానో కనబడుతుంది. నాల్గవది మీరు చెప్పిన, కట్ట వెంట తోకలా సాగి వచ్చే నెట్. ఈ నాలుగింటినీ కలిపేసి ‘నెట్ సరిగా రావడం లేదు’ అని ఒకే మాటలో చెప్పేస్తే మెకానిక్ ఊహించి చెప్పక తప్పదు; ఊహించేటప్పుడు ఎవరైనా ఖరీదైన భాగమే ముందు చెబుతారు.

ఇక ఉదయం సంగతి. నెట్ బయలుదేరకపోవడానికి మూడు వేర్వేరు కారణాలు ఉంటాయి, మూడూ దూరం నుంచి ఒకేలా కనబడతాయి. రబ్బరు రోలర్ అసలు తిరగకపోతే అది బెల్టు లేదా క్లచ్ లోపం. బెల్టు వదులైందా, నూనె తగిలి జారుతోందా, దాన్ని బిగించే స్ప్రింగు కొక్కెం ఊడిందా అన్నది చూడాలి. రోలర్ తిరుగుతూ, నెట్ మాత్రం ఉన్నచోటే ఉంటే అది జారుడు: రబ్బరు నున్నబడి ఉండవచ్చు, ఒత్తిడి స్ప్రింగు వదులై ఉండవచ్చు, లేదా వెనుక బ్రేకు మరీ బిగిసి నెట్‌ను కదలనివ్వకపోవచ్చు. రోలర్ తిరుగుతూ, నెట్ కూడా కదులుతూ, కిందికి జారి పడవలసిన కొస రబ్బరును వదలకుండా దానితో పాటే పైకి తిరిగిపోతే అది అంటుడు. మీకు జరుగుతున్నది ఈ మూడవది. జారుడుకు, అంటుడుకు మందులు పూర్తిగా వ్యతిరేకం. అంటుడుకు పనిచేసే పౌడరు జారుడున్న రోలర్‌కు వేస్తే లోపం ముదురుతుంది. జారుడుకు చేసే స్ప్రింగు బిగింపు అంటుడున్న యంత్రానికి చేస్తే నెట్ ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. మీరు బ్రేకు బిగించినా ఉదయం లోపం మారకపోవడానికి కారణం ఇదే. అంటుడుకు, బ్రేకుకు సంబంధమే లేదు.

ఉదయమే ఎందుకు వస్తోంది అన్నదానికి జవాబు మన గాలిలో ఉంది. గోదావరి డెల్టాలో ఏప్రిల్ నెలలో కూడా తెల్లవారుజామున మంచు బాగానే పడుతుంది. ముందురోజు సాయంత్రం రోలర్ మీద పేరుకున్న వరి నూగు, మట్టి దుమ్ము ఆ తడికి నాని, పలుచని జిగురులాగా తయారవుతాయి. రాత్రంతా రోలర్ల మధ్య నలిగి ఉన్న నెట్ కొస ఆ జిగురుకు అతుక్కుంటుంది. పొద్దెక్కి రబ్బరు ఆరగానే లోపం తనంతట తానే పోతుంది. రబ్బరు అరిగిపోయి ఉంటే, ఎండిపోయి నూగు నిండిన మధ్యాహ్నాలే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి. అందుకే మార్చవద్దంటున్నాను.

చేయవలసింది ఇది. రోజూ పని ముగిశాక రబ్బరు రోలర్‌ను సబ్బునీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తి, నెట్ పెట్టె మీద టార్పాలిన్ ముక్క కప్పండి. ఉదయం మొదలుపెట్టే ముందు పాత కొసను ఒక జానెడు కత్తిరించి పారేసి, కొత్త కొసను రోలర్ల నుంచి బయటికి లాగి, యంత్రం పుస్తకంలో చెప్పినంత పొడుగు వేలాడేటట్లు వదలండి. నా యంత్రంలో అది దాదాపు నాలుగు వేళ్ల వెడల్పు. కొస మరీ పొట్టిగా ఉంటే కట్టకు అందదు. మరీ పొడుగుంటే కట్ట సగంలో ఉండగానే గడ్డి దాన్ని లాక్కుపోయి, ఎవరూ చెప్పకుండానే నెట్ చుట్టడం మొదలవుతుంది. తుడిచినా అంటుడు వదలకపోతే, మామూలు టాల్కం పౌడరు చేతిలో వేసుకొని రబ్బరు మీద పలుచగా రుద్దండి. పిల్లలకు రాసే పౌడరు సరిపోతుంది. ఇది ఇంటి వైద్యంలా అనిపించవచ్చు గాని, బేలర్లు నడిపేవారు చాలాచోట్ల చేసే పనే. ఎండ తీవ్రంగా ఉండి గాలి పొడిగా మారిన కొన్ని మధ్యాహ్నాల్లో, ప్లాస్టిక్ నెట్ రబ్బరుతో రాపిడి పడి, దువ్వెనకు వెంట్రుకలు అంటినట్లు రోలర్‌కు అంటుకునే సందర్భం కూడా ఉంటుంది. దానికి కూడా ఇదే పౌడరు పని చేస్తుంది.

డీజిల్‌తో మాత్రం తుడవవద్దు. ఈ మాట నా చేతులు కాలిన తర్వాత చెబుతున్నది. తొలి రెండు సీజన్లు నేను జిడ్డు పోతుందని ప్రతి సాయంత్రం డీజిల్ గుడ్డతోనే తుడిచాను, రోలర్ ఆ పూటకు అద్దంలా మెరిసేది. మూడవ సీజనులో రబ్బరు అక్కడక్కడ ఉబ్బి, ఒక అంచు నుంచి తోలులాగా లేచిపోయింది. అప్పుడు నిజంగానే రోలర్ మార్చవలసి వచ్చింది, అందులో యంత్రం తప్పేమీ లేదు. కిరోసిన్, పెట్రోలు కూడా రబ్బరుకు అంతే.

ఇప్పుడు రెండవ లోపానికి వద్దాం. నాకు ఆసక్తి కలిగించింది కూడా ఇదే. ఎడమ అంచు కప్పబడటం లేదు, కుడి చివర పోగులు తెగడం లేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. నెట్ తన చోటు నుంచి కుడివైపుకు జరిగి నడుస్తుంటే ఏమవుతుంది? ఎడమవైపు కట్ట అంచుకు నెట్ అందదు. కుడివైపు నెట్ అంచు కత్తి చివరను దాటిపోతుంది, కాబట్టి అక్కడి పోగులు తెగవు. కత్తి మొండిదైతే పోగులు ఎక్కడపడితే అక్కడ మిగలాలి, ఎప్పుడూ కుడి చివరే మిగలనక్కరలేదు. బ్రేకు లోపమైతే రెండు అంచులూ ఒకే రకంగా ఉండాలి. అందువల్ల నెట్ ఎందుకు పక్కకు జరిగిందో వెతకడమే మీ పని.

మొట్టమొదట మీరు కొత్తగా వేసిన రోల్ మీద ఉన్న కవరు చదవండి. నాలుగడుగుల బేలర్లకు బజారులో రెండు వెడల్పుల నెట్‌లు ఎక్కువగా దొరుకుతాయి: 123 సెంటీమీటర్లది, 130 సెంటీమీటర్లది. మీ పెట్టె 130 నెట్‌కు చేసినదై, మీరు 123 నెట్ వేసి ఉంటే, రోల్‌కు 7 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. దాన్ని సరిగ్గా మధ్యలో పెడితే రెండువైపులా మూడున్నర చొప్పున పోతుంది, పెద్ద నష్టం లేదు. రోల్‌ను ఒక పక్కకు నెట్టేసి పెడితే మాత్రం ఆ 7 సెంటీమీటర్లూ రెండోవైపే తేలతాయి, అది మీరు చెప్పిన నాలుగు వేళ్లకు చాలా దగ్గర. పాత యంత్రాలలో రోల్‌ను మధ్యలో పట్టి ఉంచే కాలర్లు, పక్క బిళ్లలు పోయి ఉండటం సర్వసాధారణం. అమ్మినవారు వాటి సంగతి చెప్పరు, కొన్నవారికి అవి ఉండాలని తెలియదు. ఇరువైపులా గోడ నుంచి రోల్ అంచు దాకా టేపుతో కొలవండి. తేడా ఉంటే, నట్టుతో బిగించే కాలర్ వేయించినా చాలు, తాత్కాలికంగా పి.వి.సి. పైపు ముక్క కోసి ఇరుసుకు తొడిగినా చాలు.

కొలత సమానంగా ఉండి కూడా నెట్ కుడికే నడుస్తుంటే, రోలర్ల ఒత్తిడిని అనుమానించాలి. రెండు చివర్లా స్ప్రింగులు సమానంగా లేకపోతే నెట్ తిన్నగా నడవక ఒక పక్కకు ఒరుగుతుంది. దీనికి గేజీలు అక్కరలేదు. పాత దినపత్రికను రెండు వేళ్ల వెడల్పున రెండు ముక్కలుగా చింపి, యంత్రం పూర్తిగా ఆగి ఉన్నప్పుడు, రోలర్ల మధ్య కుడి చివర ఒకటి, ఎడమ చివర ఒకటి ఉంచి లాగండి. రెండూ ఒకే బలంతో రావాలి. ఒకటి సులువుగా జారి వచ్చి, రెండవది చిరిగిపోతే ఒత్తిడి తేడా తెలిసిపోయినట్లే. నెట్‌ను వెడల్పుగా పరిచే కడ్డీ వంగి ఉందేమో కూడా అప్పుడే చూడండి. దాని మీద గుండ్రంగా పేరుకున్న ఎండు మట్టి కూడా వంపుతో సమానమే. మన పొలాల్లో ఇది కొత్త కాదు. చైన్ మిషన్‌తో (చక్రాలకు బదులు గొలుసు మీద నడిచే హార్వెస్టరుతో) పదును మీద కోసిన చేలో, గొలుసు తొక్కిన చోట గడ్డికి నల్లమట్టి పట్టుకొని వస్తుంది. అది ఎండి, రాలి, ఎక్కడ చిన్న మూల దొరికితే అక్కడ గట్టిపడుతుంది.

ఇవన్నీ సరిగానే ఉంటే, లోపం నెట్ పెట్టెలో కాక కట్ట ఆకారంలో ఉందనుకోవాలి. కట్ట ఒకవైపు లావుగా, మరోవైపు సన్నగా వస్తే, సన్నగా ఉన్నవైపు అంచును నెట్ గట్టిగా పట్టుకోలేదు. దీనిని తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. మీరు రోజూ గడ్డి వరుసకు ఏ పక్కగా ట్రాక్టరు నడుపుతున్నారో దానికి వ్యతిరేకంగా నడిపి ఒక ఐదు కట్టలు కట్టండి. బయటపడే అంచు ఎడమ నుంచి కుడికి మారితే తప్పు నడకలో ఉంది. ఎడమనే ఉండిపోతే తప్పు నెట్ పెట్టెలో ఉంది. హార్వెస్టరు వదిలే వరుస బేలరు నోటికంటే సన్నగా ఉంటుంది కాబట్టి, తిన్నగా మధ్యలో నడిపితే కట్ట నడుము లావై పీపాలాగా తయారవుతుంది, రెండు అంచులూ మెత్తగా మిగులుతాయి. అందరూ చేసే తప్పు, దీనికి విరుగుడుగా పాములాగా గబగబా అటూ ఇటూ తిప్పడం. అలా తిప్పితే గడ్డి ఎక్కువసేపు మధ్యలోనే పడుతుంది. వరుస నోటి ఎడమ చివరకు వచ్చేటట్లు కొంత దూరం నిలకడగా నడిపి, తర్వాత కుడి చివరకు మార్చి అంతే దూరం నడపాలి. మారేటప్పుడు మాత్రం త్వరగా మారాలి.

మీరు బిగించిన బ్రేకును మళ్లీ పాత స్థితికి తెచ్చేయండి. నెట్‌ను మరీ సాగదీస్తే అది పొడవునా సాగే కొద్దీ వెడల్పులో కుంచించుకుపోతుంది. అంటే అంచు కప్పబడటం లేదని బ్రేకు బిగిస్తే అంచు ఇంకా ఎక్కువ బయటపడుతుంది. బ్రేకు విషయంలో మరొక సూక్ష్మం కూడా చెప్పాలి. రోల్ ఇరుసు మీద బ్రేకు పట్టే యంత్రాలలో, రోల్ వాడుకుంటూ పోయి వ్యాసం సగానికి తగ్గితే, అదే బ్రేకు నెట్ మీద రెట్టింపు లాగుడు పెడుతుంది. కొత్త రోల్ మీద సరిగ్గా సరిచేసిన బ్రేకు, చివరి వంద మీటర్లలో నెట్‌ను చింపడానికి కారణం ఇదే. కొన్ని యంత్రాలలో దీన్ని సర్దే చేయి ఉంటుంది. మీదానిలో లేకపోతే రోల్ సగమయ్యాక ఒకసారి చేత్తో సడలించాలి.

చిరుగుల గురించి మీరు అడగలేదు గాని, ఆ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఒకసారి దాళ్వా కోతల నడిమిలో నా యంత్రం ప్రతి కట్టకూ నెట్ చింపడం మొదలుపెట్టింది. నెట్ అమ్మిన దుకాణదారు యంత్రం తప్పన్నారు, మెకానిక్ నెట్ తప్పన్నారు, నేను రెండు రోజులు బ్రేకు, స్ప్రింగులు, కత్తి అన్నీ విప్పి బిగించాను. చివరికి విసుగొచ్చి ఒక కట్ట మీది నెట్‌ను గట్టు మీద పరిచి చూస్తే చిరుగులన్నీ ఒకే అంచున, ఒకదాని నుంచి ఒకటి దాదాపు ముప్పావు మీటరు దూరంలో వరుసగా ఉన్నాయి. 24 సెంటీమీటర్ల వ్యాసం గల రోల్ ఒక చుట్టు చుట్టుకొలత దాదాపు 75 సెంటీమీటర్లు. అంటే గాయం యంత్రం చేసింది కాదు, రోల్‌లోనే ఉంది. లారీ దించేటప్పుడు రోల్ అంచు మీద పడి పై పొరలు కొన్ని ఒకేచోట నలిగిపోయాయి. అప్పటి నుంచి ఎవరైనా నెట్ చిరుగుతోందంటే నేను మొదట అడిగేది చిరుగుల మధ్య దూరమే. సమాన దూరంలో ఉంటే రోల్ తప్పు. పొడవునా ఒకే గీతలా చీలితే దారిలో ఎక్కడో మొనదేలిన బోల్టు తలో, రోలర్ మీద గరుకో ఉన్నట్లు. ఎక్కడపడితే అక్కడ ఉంటే బ్రేకు, లేదా చుట్టే సమయంలో కత్తి పూర్తిగా పైకి లేవకపోవడం. ఎలుకలు కూడా రోల్‌ను ఒకేచోట కొరికి, సమాన దూరంలో చిరుగులు పడేటట్లు చేస్తాయి. సార్వాకు (ఖరీఫ్ వరికి), దాళ్వాకు మధ్య షెడ్డులో నిలిపిన యంత్రంలో రోల్ వదిలేస్తే, నెట్ పెట్టె వాటికి కట్టించి ఇచ్చిన గూడే. రోల్ తీసి ఇంట్లో పెట్టండి, ఎండ తగలనీయకండి. ఎండకు ఈ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.

ఎన్ని చుట్లు వేయాలన్నది పైన చెప్పినదానికి చేరుస్తున్న చిన్న మాట. నాలుగడుగుల వ్యాసం గల కట్ట చుట్టుకొలత దాదాపు 3.83 మీటర్లు. మూడు చుట్లకు పదకొండు మీటర్ల పైచిలుకు నెట్ పోతుంది. ఆ లెక్కన 2,000 మీటర్ల రోల్ దాదాపు 175 కట్టలకు రావాలి. మీకు 130 దగ్గరే అయిపోతుంటే నాలుగు చుట్లు పడుతున్నాయని అర్థం. లెక్కించే సెన్సరుకు, అయస్కాంతానికి మధ్య ఎడం పెరిగిందేమో, తీగ ఎలుక కొరికిందేమో చూడండి. అనుమానం ఉంటే ఒక కట్ట మీది నెట్ విప్పి టేపుతో కొలవడమే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. హార్వెస్టరు నలిపిన వరిగడ్డి పొట్టిగా, నున్నగా ఉంటుంది కాబట్టి రెండు చుట్లు నాకు ఎప్పుడూ చాలలేదు. రెండున్నర నుంచి మూడు వేస్తాను. అంతకు మించి వేస్తే నెట్ దండగే.

కట్ట నిండిందని గంట మోగగానే ముందుకు నడక ఆపాలి, పి.టి.ఓ. (ట్రాక్టరు నుంచి బేలర్‌ను తిప్పే ఇరుసు) వేగం మాత్రం నిమిషానికి 540 చుట్ల దగ్గరే ఉంచాలి. చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు: యాక్సిలరేటరు తగ్గిస్తారు, బండి మాత్రం మెల్లగా నడుస్తూనే ఉంటుంది. నెట్ పడుతుండగా కొత్త గడ్డి లోపలికి వస్తే అది నెట్ పొరల మధ్య ఇరుక్కొని, తలుపు తెరిచిన వెంటనే కట్ట పగులుతుంది. నెట్ మొదలవకముందే ఎక్కువసేపు ఊరికే తిప్పినా నష్టమే. బాగా ఎండిన గడ్డి పైపొర పొడిపొడిగా రాలిపోయి, నెట్ కొసకు పట్టు దొరకదు.

సార్వా గడ్డి సంగతి వేరు. స్వర్ణ లాంటి 150 రోజుల రకాన్ని నవంబరు, డిసెంబరుల్లో కోసేటప్పుడు గింజ పండినా గడ్డి కణుపుల్లో ఇంకా పచ్చి ఉంటుంది, కింద నేల పదును ఆరదు, దాళ్వా నారుమళ్ల తొందర వల్ల చేను ఖాళీ చేయమని రైతు తరుముతుంటాడు. ఆ గడ్డితో కట్టలు బరువెక్కుతాయి, రోలర్లకు పసరు పట్టి అంటుడు పగలంతా ఉంటుంది. అప్పుడు పౌడరుతో తంటాలు పడటం కంటే ఒక రోజు ఆగి వరుసను తిరగేసి ఎండబెట్టడం మేలు. పిడికెడు గడ్డి తీసి మెలిపెడితే కణుపు దగ్గర చిట్లాలి. తడి తగులుతూ వంగుతుంటే ఇంకా కట్టకండి. పచ్చిగా కట్టిన కట్టలు మేటులో వేడెక్కి బూజు పడతాయి.

కత్తి గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీ విషయంలో అది నాకు ప్రధానంగా తోచడం లేదు. నెట్‌ను తెంచడంలో కత్తి పదునుకు ఎంత భాగం ఉందో నెట్ బిగువుకు అంతే ఉంది. వదులుగా ఉన్న నెట్ మీద ఎంత పదునైన కత్తి పడినా అది కత్తితో పాటు కిందికి వంగిపోతుంది. కత్తి వెనుక గడ్డి పోగులు కూరుకుపోతే అది చివరి అంగుళం కిందికి దిగదు; మీ కుడి చివర అలా కూరుకుందేమో ఒకసారి వేలు పెట్టకుండా పుల్లతో తీసి చూడండి. కత్తిని తోసే స్ప్రింగు వాడే కొద్దీ బలం తగ్గుతుంది, ధర తక్కువ, మార్చేయవచ్చు.

పుల్లతో అని ఎందుకన్నానంటే, ఈ పనుల్లో ప్రమాదాలు చాలావరకు ఒకే తొందరలో జరుగుతాయి. నెట్ చిక్కుకున్నప్పుడు యంత్రం తిరుగుతుండగానే చేత్తో లాగి సాయం చేయాలనిపిస్తుంది. రోలర్లు నెట్‌ను లాక్కునే వేగానికి చేయి వెనక్కి తీసే వ్యవధి ఉండదు. పి.టి.ఓ. ఆపి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకొని, తిరిగే భాగాలన్నీ నిలిచాయని కళ్లతో చూసిన తర్వాతనే పెట్టె తెరవండి. వెనుక తలుపు కిందికి వెళ్లే పని ఉంటే దాని హైడ్రాలిక్ లాక్ తప్పనిసరిగా వేయండి; గొట్టం పగిలితే ఆ తలుపు మిమ్మల్ని అడిగి దిగదు. రోలర్‌కు చుట్టుకున్న నెట్‌ను కొడవలి మొనతో కాక, కొక్కెం ఆకారంలో ఉండే చాకుతో, రబ్బరు మీద గాటు పడకుండా అడ్డంగా కోసి విప్పండి. ప్రతి రోజు సాయంత్రం రోలర్ల చివరలు, బేరింగుల పక్కన చూడండి. అక్కడ చుట్టుకున్న నెట్ కరిగి గట్టిపడి, బేరింగు సీలును తినేసి, వేడి పుట్టిస్తుంది. చుట్టూ ఉండేది ఎండు వరిగడ్డి అని వేరే చెప్పనక్కరలేదు. ట్రాక్టరులో ఒక నీళ్ల డబ్బా ఎప్పుడూ ఉంచుకోండి.

తెగిన నెట్ ముక్కలను చేలో వదలవద్దు. దమ్ముకు దిగినప్పుడు అవి ట్రాక్టరు కేజ్ వీల్స్‌కు (ఇనుప చక్రాలకు) చుట్టుకుంటాయి, నీటితో కొట్టుకుపోయి బోదె తూములకు అడ్డం పడతాయి. గేదెలకు మేత వేసేటప్పుడు కూడా నెట్ పూర్తిగా తీసిన తర్వాతనే కట్ట విప్పమని కొనేవారికి చెప్పండి. వానకు తడిసి గడ్డికి అతుక్కున్న నెట్‌ను పశువు గడ్డితో పాటే మింగేస్తుంది, అది కడుపులో అరగదు.

మీరు ఇప్పుడు ఈ వరుసలో చేయండి. బ్రేకు పాత స్థితికి తెచ్చి, రోలర్ సబ్బునీటితో తుడిచి, రోల్ వెడల్పు చదివి, దాన్ని మధ్యకు జరిపి పది కట్టలు కట్టండి. ఎడమ అంచు, కుడి పోగులు రెండూ ఒకేసారి సర్దుకుంటే నా అంచనా నిజమైనట్లు. అంచు సర్దుకొని పోగులు అలాగే మిగిలితే కత్తి కుడి చివర చూడండి. ఏదీ మారకపోతే పత్రిక ముక్కల పరీక్షలో ఏ చివర వదులుగా వచ్చిందో, నడక మార్చి కట్టిన ఐదు కట్టల్లో ఏ అంచు బయటపడిందో వ్రాయండి. ఆ రెండు వివరాలు లేకుండా రబ్బరు రోలర్ గురించి నేనైనా, మీ మెకానిక్ అయినా కచ్చితంగా చెప్పగలిగేది ఏమీ లేదు.